ఐసు పెట్టె

నీలం పెట్టె భుజాన తగిలించుకుని
జాలారిపేట సందులో దిగితే
పిల్లలు వెంటపడతారు, పుల్లైసా అక్కా అని.
మూత తీసి చూపించను.
లోపల ఉన్నవి
ఒక పిల్లాడి విరేచనం రెండు చెంచాలు,
ఒక పిల్ల ముక్కులో తిప్పిన దూది పుల్ల.

మైలపల్లి కాసులమ్మ
కత్తిపీట ముందు కూర్చునే జవాబులు చెబుతుంది.
కాగితం మీద ప్రశ్నలు నలభై మూడు.
ఇంట్లో ఎన్ని గదులు?
నువ్వు నిల్చున్నదే గది.
రాత్రి ఎంతమంది పడుకుంటారు?
ఏటకెల్లిన రోజా, ఎల్లని రోజా?
నీళ్లు ఎక్కడివి?
కొళాయివే. కొళాయికెక్కడివో దాన్నే అడుగు.
నిన్న పిల్లాడికి ఎన్నిసార్లు?

ఇక్కడ కత్తి ఆగింది.
"పదకొండు గుడ్డలు తడిపినాడు.
ఆ పైన గుడ్డల్నేవు, లెక్కా నేదు."
గడిలో రెండంకెలకే చోటుంది.
పదకొండు అని రాసి
పక్కన చిన్న కూడిక గుర్తు పెట్టాను,
కంప్యూటరు దాన్ని తీసుకోదని తెలిసే.

ఎల్లాజీకి పదో నెల.
ఏడుస్తున్నాడు, చెంప మీద తడి లేదు.
పొట్ట మీద చర్మం పట్టి వదిలితే
మడత బద్ధకంగా సర్దుకుంది.
దానికి తోడు దగ్గు. డొక్కలెగరేస్తున్నాడు.
చొక్కా ఎత్తి ఒక నిమిషం గడియారం చూశాను.
రేవులో మరబోటు ఇంజను
అందుకోక అందుకోక కొట్టుకున్నట్టు
అరవై నాలుగు.
ఇంకా పంతొమ్మిది ప్రశ్నలున్నాయి.
కాగితం మడిచేసి ఆటో పిలిచాను.

ఆటోలో బీచి రోడ్డంతా
కాసులమ్మ పిల్లాడి వైపు చూడలేదు.
నా పెట్టె వైపు చూసింది.
మూత తీయించింది.
"ఈ ఐసు సాలదు. పొద్దుగూకీసరికి సరుకు సెడిపోద్ది.
ఒక వరస ఐసు, ఒక వరస సరుకు, మీద తడి గోనె.
ఏటి నేర్పినారే నీకు?"
శీతల గొలుసు మీద నాకు
ఏసీ హోటల్లో రెండ్రోజులు శిక్షణ ఇచ్చారు.
గోనె సంగతి ఎవరూ చెప్పలేదు.

పెద్దాసుపత్రిలో
అదే మంచం మీది ఇంకో తల్లి కాళ్లు ముడుచుకుని చోటిచ్చింది.
సూదికి నరం దొరకడానికి అరగంట పట్టింది.
ఆ అరగంట గురించి ఏ కాగితంలోనూ గడి లేదు.

ప్రయోగశాలలో హైమవతి మేడం
తెర మీద చూపించారు, ఆకుల చక్రం లాంటిది.
"ఇది కడుపులోది. ముక్కులోది వేరే జాతి.
ఒక్క గుంటడిలో రెండు కుటుంబాలు అద్దెకున్నాయి."
అని, నవ్వబోయి, మానేశారు.
ఎల్లాజీ పేరు చెరిగి వి-0217 అయ్యాడు,
మైనస్ ఎనభైలో, నాలుగో అరలో.

కార్తీకంలో గాలివాన రాత్రి కరెంటు పోయింది.
జనరేటరు మొండికేసింది.
ఎర్ర అంకెలు డెబ్బై ఆరు, డెబ్బై, అరవై మూడు.
వాచ్‌మన్ సన్యాసప్పడూ నేనూ
తలుపు తెరవొద్దని కాగితం అంటించి
ఫ్రీజరు చుట్టూ గోనెలు, దుప్పట్లు,
చివరికి అతని ఖాకీ కోటు కూడా కప్పాం.
లోపల ఆరు వందల మంది పిల్లలు
నిద్రలో కదిలినట్టు అనిపించింది నాకు.
తెల్లారి నివేదికలో రాసింది మాత్రం ఒకే వాక్యం,
ఉష్ణోగ్రతలో స్వల్ప మార్పు.

మార్గశిర లచ్చివారం,
బురుజుపేట గుడి వరసలో తడి జుట్టుతో కాసులమ్మ.
చంకలో ఎల్లాజీ, నోట్లో ఎవరిదో చెప్పు వారు.
"నా సరుకేటయినాది?"
ఫలితాలకి రెండేళ్లు పడుతుందన్నాను.
"అప్పటికి ఈడు బడికెల్తాడు."
అవును.
"మరెవులికి పనికొస్తాది?"

వరస కదిలింది. వెనకవాళ్లు తోశారు.
నేను గొంతు సవరించుకునేలోగా
ఆమె పక్కనున్న పిల్లని నా ముందుకు లాగింది.
"మా ఆడబడుసు కూతురు. ముందట్నించి ఇదే రోగం.
ఐసు సరిపడా తెచ్చినావా?"